ఎడమ చేతి వైపు చూడండి

జిరాక్స్ షాపు,
బుధవారం మధ్యాహ్నం

మైకు మరదలికి,

కుశల ప్రశ్నలు తర్వాత. ముందు ఈ సంగతి విను. నీ మేనకోడలి పెళ్లి కుదిరిందని కిందటి ఉత్తరంలో రాశాను కదా. అది ఎక్కడ చేసుకుంటానంటోందో తెలుసా? మీ ఊళ్లో! సరస్సు పక్కన ఆ తెల్ల హోటల్లో! మన ఊళ్లో హాళ్లు లేవా, వంటవాళ్లు లేరా అని నేనూ మీ అన్నయ్యా వెయ్యిసార్లు చెప్పాం. వింటేగా! "అత్త ఊళ్లో అయితేనే చేసుకుంటా" అని భీష్మించుకుని కూర్చుంది. పెళ్లికొడుకు నోట్లో నాలుక లేని మనిషి. "ఆవిడ ఎక్కడంటే అక్కడే అండీ" అన్నాడు. ఈ సంసారానికి ఢోకా లేదని నాకు అప్పుడే తెలిసిపోయింది.

పెళ్లి ఇంకా మూడు నెలలుంది, శుక్రవారం. ఇక్కణ్ణించి నలభై మంది వస్తున్నారు. అంత దూరం రైల్లో నడుములు పడిపోయేలా వచ్చి, పెళ్లి చూసి, భోంచేసి మర్నాడే మూట కట్టుకుని పోతారా ఎవరైనా? శని, ఆది, సోమ ఉండిపోతాం, ఊరు చూస్తాం అంటున్నారు. రోజూ ఎవరో ఒకరు షాపుకొచ్చి "అక్కడ చూడ్డానికి ఏమున్నాయండీ?" అని నా ప్రాణం తీస్తున్నారు. నాకేం తెలుసు! మీ ఊరొచ్చినప్పుడల్లా నేను మీ వంటిల్లు తప్ప ఏం చూశాను గనక? ఇరవై రెండేళ్లు ఊరు చూపించే బస్సులో మైకు పట్టుకున్నదానివి నువ్వు. ఏం చూడాలి, ఎప్పుడు చూడాలి, ఎలా వెళ్లాలి, అన్నీ రాసి పంపు. చిన్న పుస్తకంలా అచ్చేసి, బైండు చేసి తలా ఒకటి ఇస్తాను. చేతిలో షాపు పెట్టుకుని ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?

ఇంకోటి. పెళ్లికూతురికి ఏడేళ్లప్పుడు సెలవులకొచ్చి నెలంతా మీ బస్సు ముందు సీట్లోనే కాపరం పెట్టింది, గుర్తుందా? మీ ఆయన డ్రైవింగు, నీ మైకు, మధ్యలో ఇది. ఇప్పటికీ స్నానాల గదిలోంచి "ఎడమ చేతి వైపు చూడండి" అని నీ గొంతుతో కేకలేస్తుంది. పెళ్లి మర్నాడు శనివారం పొద్దున అందర్నీ ఆ బస్సెక్కించి నువ్వే ఊరు చూపించాలిట. నగలడగలేదు, పట్టుబట్టలడగలేదు. ఇదొక్కటే అడిగింది.

ఈ ముక్క ఫోన్లో చెబుదామంటే నువ్వెత్తవు. ఎప్పుడు చేసినా మీ ఆయనే ఎత్తి, "బాగానే ఉంది, వంటింట్లో ఉంది" అని పెట్టేస్తాడు. రెండేళ్లుగా వంటింట్లోంచి బయటికి రాని మనిషిని నిన్నే చూశాను. ఉత్తరాలు మాత్రం చేటభారతమంత రాస్తావు. సరే, రాయి!

నీ వదిన


డిపో వెనక వీధి, మేడ మీద ఇల్లు,
ఆదివారం

వదినా,

నీ ఉత్తరం చదివి ఆనందం పట్టలేక మా ఆయన చేతికిచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. సాయంత్రం అడిగి తీసుకోవాల్సి వచ్చింది. చిట్టితల్లి మా ఊళ్లో పెళ్లి చేసుకుంటుందా! నా కాళ్లు నేల మీద లేవు.

ఇక ఊరు సంగతి. ముందు ఒక మాట పెద్ద అక్షరాలతో అచ్చెయ్యి: రోజుకి మూడే చూడాలి. నాలుగోది చూపిస్తే మొదటిది మర్చిపోతారు. అయిదోది చూపిస్తే మొగుడూ పెళ్లాం పోట్లాడుకుంటారు. ఇది నా ఇరవై రెండేళ్ల అనుభవం.

గడియారం స్తంభం: చౌరస్తాలో నిలబడి చూడొద్దు. మెడ నొప్పి తప్ప ఏమీ మిగలదు. ఎదురుగా దర్జీల సందులోకి వెళ్లి, గుండీల కొట్టు మెట్టు మీద నిలబడితే రెండు మేడల మధ్య నిలువుగా, ఫొటో ఫ్రేములో పెట్టినట్టు కనిపిస్తుంది. పన్నెండింటికి అందరూ చేరతారు కాబట్టి పది నిమిషాలు ముందు వెళ్లాలి. దాన్ని కట్టించింది నూలు మిల్లు యజమాని. పనివాళ్లు ఆలస్యంగా వస్తున్నారని కోపమొచ్చి కట్టించాడు. కట్టాక తెలిసిందేమిటంటే, ఆలస్యంగా వస్తున్నది ఆయనేనట. లోపల నూటపన్నెండు మెట్లు.

సరస్సు: పొద్దున ఎనిమిది నుంచి పడవలు తిరుగుతాయి. వెళ్లేటప్పుడు ఎడమ వైపు, వచ్చేటప్పుడు కుడి వైపు కూర్చోవాలి. లేకపోతే రెండుసార్లూ ఎండే. లోతు ఎనభై అడుగులు. మధ్యాహ్నం రెండు దాటితే గాలి లేస్తుంది, టోపీలు నీళ్లపాలు.

కొండ: బస్సులో ఎక్కి నడిచి దిగాలి. తెలివితక్కువ వాళ్లు నడిచి ఎక్కి బస్సులో దిగుతారు. పైకెక్కగానే అంచు వైపు పరిగెత్తొద్దు. ముందు బెంచీ మీద కూర్చుని ఊపిరి తీసుకుని, అప్పుడు వెనక్కి తిరిగి చూడాలి.

మ్యూజియం: పదకొండు గదులు. తొమ్మిదింట్లో కుండలే. పాత పటాల గది ఒకటి, బొమ్మల గది ఒకటి, ఆ రెండూ చూసి బయటికొచ్చేయండి. పక్కనే లైబ్రరీలో మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి. ఇది తప్పకుండా అచ్చెయ్యి, ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఫోన్ సంగతంటావా, అది ముందు గదిలో ఉంటుంది, నాకు వినపడదు. ఆదివారం, సోమవారం చూడాల్సినవి ఇంకో ఉత్తరంలో.

నీ మరదలు


జిరాక్స్ షాపు,
శనివారం

మరదలా,

నీ ఉత్తరం పిచ్చిపిచ్చిగా నచ్చింది! షాపుకొచ్చిన వాళ్లందరికీ చదివి వినిపించాను. మొగుడూ పెళ్లాం పోట్లాట దగ్గర మీ అన్నయ్య నావైపు చూశాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

పదహారు పేజీలు, పసుపు అట్ట, మధ్యలో రెండు పిన్నులు. మొదటి పేజీ అప్పుడే అచ్చయిపోయింది. ఏం వేశానో చూడు: "శనివారం పొద్దున తొమ్మిదింటికి బస్సులో ఊరు. మైకు: పెళ్లికూతురి మేనత్త." నీ పేరుకి చుట్టూ పూలతీగ కూడా వేశాను. నలభై కాపీలు.

కొన్ని సందేహాలు. పెళ్లికొడుకు తాతగారికి మోకాళ్లు అరిగిపోయాయి, మెట్లంటే హడలు. ఆయన్ని ఎక్కడ కూర్చోబెట్టాలి? పడవలో కళ్లు తిరిగేవాళ్లు ఇద్దరున్నారు, నాతో కలిపి ముగ్గురు. సోమవారం వాన పడితే ఏం చెయ్యాలి? ఒకావిడ "షాపింగు రాయలేదేం" అని మొహం మాడ్చుకుంది.

అన్నట్టు, బస్సు గురించి ఒక్క ముక్క రాయలేదేం? పని హడావిడిలో మర్చిపోయి ఉంటావు. చిట్టి రోజూ అడుగుతోంది. "అత్త సరేనందా, అత్త సరేనందా" అని నా బుర్ర తింటోంది.

నీ వదిన


మేడ మీద ఇల్లు,
గురువారం

వదినా,

తాతగారిని సరస్సు గట్టున పడవలు బాగుచేసే షెడ్డు ముందు కూర్చోబెట్టు. అక్కడ పొడుగాటి బల్ల ఉంటుంది. ముగ్గురు ముసలి వడ్రంగులు పడవ అడుగుకి రంగు కొడుతూ రోజంతా వాదించుకుంటూ ఉంటారు. వచ్చినవాళ్లని తీర్పు చెప్పమంటారు. పొద్దున కూర్చోబెడితే సాయంత్రం వరకూ లేవడు. పడవలో కళ్లు తిరిగే మీ ముగ్గురూ సరస్సు చుట్టూ నడిచే దారి పట్టండి. సగం దాకా వెళ్లి వెనక్కి రండి, మిగతా సగం బాగుండదు.

షాపింగావిడని ఆదివారం పాత సామాన్ల సంతకి పంపు. మొదటి దుకాణంలో ఏమీ కొనొద్దు, చివరి దుకాణంలో ఏమీ బేరమాడొద్దు. వాన పడితే కాగితం మిల్లు. చెక్క చట్రం నీళ్లలో ముంచి మన చేతే ఒక కాగితం తీయిస్తారు. అది ఆరబెట్టి మర్నాడు ఇస్తారు, కాబట్టి మంగళవారం రైలువాళ్లే వెళ్లాలి. నువ్వు కాగితాల మనిషివి, నీకు పిచ్చెక్కిపోతుంది.

బస్సు సంగతి మర్చిపోలేదు. ఇప్పుడు డిపోలో గైడ్లు లేరు, వదినా. అన్ని బస్సుల్లోనూ రికార్డు పెట్టేశారు. ఆ రికార్డులో ఉన్నది నా గొంతే. రెండేళ్ల కిందట నా ఆపరేషన్‌కి ముందు, నేను రాని రోజులకని, వారం రోజులు కూర్చోబెట్టి రికార్డు చేశారు. మీట నొక్కితే చాలు, గంటా పది నిమిషాలు నేనే మాట్లాడతాను. దగ్గు, తుమ్ము, తడబాటు లేకుండా. చిట్టికి కావాల్సింది నా గొంతేగా? అదే వినిపిస్తుంది, ఇంకా బాగా వినిపిస్తుంది. బస్సు మా ఆయనే నడుపుతాడు. శనివారం నాకు వీలుపడకపోవచ్చు. పెళ్లి మర్నాడు హోటల్లో లెక్కలేనన్ని సర్దుళ్లుంటాయి, ఎవరో ఒకరు ఉండాలి కదా.

పూలతీగ తీసెయ్యి. మైకు: రికార్డు అని వెయ్యి.

నీ మరదలు


షాపు, షట్టరు సగం దించి,
మంగళవారం

మరదలా,

నాకు ఒళ్లు మండుతోంది, కాబట్టి సూటిగా రాస్తున్నాను.

నీ ఉత్తరం చిట్టి చదివింది. అలగలేదు. అలిగితే బాగుండేది. మడిచి నా బల్ల మీద పెట్టి, "అత్తకి ఇష్టం లేదేమో అమ్మా, బలవంతం చెయ్యకు" అని లోపలికి వెళ్లిపోయింది. పెళ్లికూతురు పెళ్లికి రెండు నెలల ముందు అలా లోపలికి వెళ్లిపోతే తల్లికి ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు.

సర్దుళ్లుంటాయట! హోటలు వాళ్లు డబ్బులు తీసుకుంటున్నది ఎందుకు? నాకు చెవిలో పూలు పెడుతున్నావా? నలభై ఊళ్లవాళ్లకి నలభై రకాలుగా చూపించిన దానివి, నీ మేనకోడలికి ఒక్క పూట చూపించలేవా?

నీకు మా మీద కోపమేగా? నాకు తెలుసు. నీ ఆపరేషన్‌కి మేము రాలేదు. నువ్వు "చిన్నదే, రావద్దు" అని రాశావు, మేమూ సరేలే అనుకున్నాం. పరీక్షల కాలం, షాపులో ఊపిరాడని పని. కానీ రావాల్సింది. ఎవరో రావద్దన్నారని సొంత మనుషులు ఆగిపోతారా? తప్పు మాదే. నువ్వు తిట్టు, నాలుగు పేజీలు తిట్టు, పడతాను. అంతేగానీ మా మీద కోపం ఆ పిల్ల మీద చూపించకు. రికార్డు పెట్టి పంపించెయ్యకు.

నీ వదిన


మేడ మీద ఇల్లు,
శుక్రవారం

వదినా,

కోపం లేదు. నా మీద ఒట్టు, లేదు. నువ్వు అలా అనుకున్నావంటే తప్పంతా నాది. ఇది రెండేళ్ల కిందటే రాయాల్సిన ఉత్తరం.

నాకు గొంతు లేదు వదినా.

పూర్తిగా పోలేదు. కాగితం నలిపితే వచ్చే చప్పుడుంటుందే, అలాంటిది వస్తుంది. పక్కన కూర్చుంటే వినపడుతుంది, గదికి అవతల ఉంటే వినపడదు. జబ్బు పోయింది, మళ్లీ రాదు అని డాక్టరు గట్టిగా చెప్పింది, అందుకని నువ్వు బెంగపడకు. గొంతు మాత్రం ఇంతేనంది. చిన్న ఆపరేషన్ అని మీకు రాసినప్పుడు నాకూ చిన్నదనే తెలుసు.

ఆరు వారాలయ్యాక డిపోకి వెళ్లాను. మైకు ఉందిగా, అదే పెద్దది చేస్తుందిలే అనుకున్నాను. బస్సు నిండా జనం. "నమస్కారం, ఎడమ చేతి వైపు చూడండి" అన్నాను. ఎవరూ చూడలేదు. వెనక నుంచి ఒకాయన, "మైకు చెడిపోయినట్టుందమ్మా, బాగుచేయించండి" అని అరిచాడు. పాపం మంచాయనే, వెటకారం కాదు. మా ఆయన బండి పక్కకి ఆపి, వెనక్కి వచ్చి, నా చేతిలోంచి మైకు తీసుకుని అరచేత్తో రెండు తట్టాడు. "అవునండీ, చెడిపోయింది" అన్నాడు. ఆ మైకుకి ఏమీ కాలేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. తర్వాతి స్టాపులో దిగి ఇంటికి నడిచొచ్చేశాను. మళ్లీ ఎక్కలేదు.

ఆ తర్వాత కొట్లకి వెళ్లడం మానేశాను. ఫోన్ మానేశాను. ఇంట్లో ఆయనకి కూడా చీటీలు రాసి పెడుతున్నాను, పాలు తెండి, కరెంటు మనిషొచ్చాడు, అని. ఆ గొంతు నాకే నచ్చదు వదినా, ఇంకెవరికి నచ్చుతుంది? ఆయన చీటీ చదివి తలూపుతాడు.

చిట్టికి గుర్తున్న అత్త ఆ రికార్డులో ఉంది. ఆ అత్తనే వినిపించండి. ఈ సంగతి దానికి చెప్పొద్దు. పెళ్లిలో నవ్వుతూ తిరుగుతాను, చెవిలో చెబుతాను, ఎవరికీ తెలియదు.

నీ మరదలు


జిరాక్స్ షాపు,
సోమవారం

ఒసేయ్ పిచ్చి మొహమా,

నీ ఉత్తరం చదివి షట్టరు పూర్తిగా దించేశాను. మీ అన్నయ్యకి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. చిట్టికి చెప్పలేదు, నువ్వు చెప్పొద్దన్నావని. నా కడుపులో ఏ మాటా ఆగదని తెలిసీ నాకు ఈ శిక్ష వేశావు.

రెండేళ్లు! రెండేళ్లు నేను ఆ వంటింటి సంగతి ఎత్తి నీతో వేళాకోళాలాడాను. ముందే చెప్పి ఉంటే నా నోరు కుట్టుకునేదాన్ని కదా. నీ గొంతు నచ్చి నిన్ను మరదల్ని చేసుకున్నామా మేము? నువ్వు పుట్టేసరికే మా ఆయనకి చెల్లెలివి, నాకు ఎంపికేముంది?

సరే, నీ ఇష్టం. రికార్డే వేద్దాం. కానీ ఒక షరతు: బస్సులో నా పక్క సీట్లో కూర్చోవాలి. హోటల్లో సర్దుళ్లు అన్నావంటే ఊరుకోను. నోరు మెదపక్కర్లేదు, కూర్చో చాలు. ఇద్దరి తరఫునా నేను మాట్లాడతాను, నాకు అలవాటే.

మొదటి పేజీలు నలభై అచ్చయి పడున్నాయి కదా. నీ పేరు మీద చిన్న చీటీ కోసి అంటించాను, "రికార్డు" అని. వెలుతురుకి ఎత్తి చూస్తే కింద పూలతీగ కనిపిస్తోంది. ఇంకో చీటీ అంటించే ఓపిక నాకు లేదు.

వేడినీళ్లు తాగు. ఏమీ కాకపోయినా తాగు.

నీ వదిన


జిరాక్స్ షాపు,
శుక్రవారం, ఇంటికొచ్చిన రెండు రోజులకి

మరదలా,

క్షేమంగా చేరాం. కాగితం మిల్లులో నేను తీసిన కాగితం షాపులో గోడకి మేకు కొట్టి తగిలించాను. చిట్టీ, అల్లుడూ ఇంకా మీ ఊళ్లోనే తిరుగుతున్నారు కాబట్టి వాళ్ల క్షేమం నువ్వే రాయాలి.

ఇప్పుడు అసలు సంగతి. నలభై మంది ముందు నా పరువు తీసినందుకు నీ మీద ఫిర్యాదు రాస్తున్నాను.

ఒకటి. సంత దగ్గర లారీ అడ్డం పడి బస్సు ఆగిపోయింది. నీ రికార్డు మాత్రం ఆగలేదు. "ఎడమ చేతి వైపు గడియారం స్తంభం చూడండి" అంది. అందరూ చూశారు. పరుపుల కొట్టుంది. "ఆ నగిషీలు గమనించండి" అంది. పరుపులవాడు బయటికొచ్చి మమ్మల్ని గమనించాడు. తర్వాత కూల్చేసిన సినిమాహాలు గురించి అయిదు నిమిషాలు పొగిడింది. జనం పగలబడి నవ్వుతుంటే మీట కట్టేసింది నేను. చుట్టాలు నవ్వులపాలు కాకుండా కాపాడింది నేను. పుస్తకం అచ్చేసినదాన్ని, నాకన్నీ కంఠతా వచ్చు అని మైకు పట్టుకున్నాను. అది తప్పా?

రెండు. గడియారాన్ని ఒక రాజు తన రాణి అలక తీర్చడానికి కట్టించాడని చెప్పాను. మిల్లు యజమానికంటే అదే బాగుంది కదా! అందరూ ఆహా అన్నారు. నువ్వు నా మోచేతి మీద గిల్లావు. ఇంకా నీలంగా ఉంది, మీ అన్నయ్యకి చూపించాను.

మూడు. సరస్సు లోతు ఎనిమిది వందల అడుగులన్నాను. ఎనభై అయితేనేం, ఎనిమిది వందలయితేనేం, దిగి కొలుస్తారా ఎవరైనా? దానికి అంత మందిలో లేచి, నా చేతిలోంచి మైకు లాక్కుని, "ఎనభై! వదినా, ఎనభై! నేను రాసింది చదివావా అసలు?" అని అరుస్తావా?

బస్సులో అందరూ నీవైపు తిరిగారు. నువ్వు మైకు వంక చూశావు, అది పామైనట్టు. నేను తీసుకుందామని చెయ్యి చాపాను, నిజంగానే చాపాను. అప్పుడు మీ ఆయన ఆ మలుపు అంత వేగంగా తిప్పకపోతే ఏమయ్యేదో! అందరం ఒకరి మీద ఒకరం పడ్డాం. నువ్వు మైకు వదల్లేదు. "మెల్లగా తిప్పండి! వెనక పెద్దవాళ్లున్నారు, ఊళ్లో గోతులన్నీ మీ తాతగారు రాసిచ్చారా?" అన్నావు.

ఆ మాటకి నవ్వు మొదలుపెట్టింది పెళ్లికొడుకు తాతగారే. నువ్వు చూడలేదు, నేను చూశాను. మీ ఆయన ముందు అద్దంలో నీవైపు చూస్తున్నాడు, రోడ్డు చూడాల్సిన మనిషి. నీ మేనకోడలు చేతులతో మొహం కప్పుకుంది. దానికి అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. నేనేమీ చెప్పలేదు, గుర్తుంచుకో.

ఆ తర్వాత గంటన్నర నువ్వే. వెనక సీట్లవాళ్లకి వినపడకపోతే లేచొచ్చి నడవలో నిలబడ్డారు, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని. స్టాపు వచ్చినప్పుడల్లా మీ ఆయన ఇంజను ఆపేశాడు. ఇక్కడికొచ్చాక ఎవర్నడిగినా పెళ్లి భోజనం గురించి చెప్పట్లేదు, మిల్లు యజమాని గురించి చెబుతున్నారు. షాపింగావిడైతే నిన్న షాపుకొచ్చి, "మీ ఆడపడుచు చెబుతుంటే దగ్గరికి జరిగి వినాలనిపించిందండీ" అంది. ఆవిడకి ఓ పట్టాన ఎవరూ నచ్చరు, తెలుసుగా.

క్షమాపణ ఉత్తరం వెంటనే రాయి.

నీ వదిన


మేడ మీద ఇల్లు,
మంగళవారం

వదినా,

క్షమాపణ చెప్పను. నువ్వు ఆ పటాల గదిని బొమ్మల గదితో కలిపేసి చెప్పబోతుండగా ఆపాను, అందుకు నువ్వే నాకు థాంక్స్ చెప్పాలి.

పిల్లలు బాగున్నారు. నిన్న రెండోసారి కొండెక్కి, నడిచి దిగారు. ప్రతి పూటా మా ఇంట్లోనే తింటున్నారు. చిట్టి నన్ను వదిలితేగా! మొదటి రోజు నా మీద అలిగింది, రెండేళ్లు దాచానని. రెండో రోజు పక్కలో పడుకుని, అత్తా ఇంకోటి చెప్పు, ఇంకోటి చెప్పు, అని నా ప్రాణం తోడేసింది. మధ్యలో నా గొంతు అలిసిపోయి ఆగితే, గ్లాసు నీళ్లిచ్చి మళ్లీ మొదలుపెట్టమంటోంది. అల్లుడు మూలన కూర్చుని అన్నీ వింటాడు. ఆ అబ్బాయి నాకు తెగ నచ్చాడు.

నువ్వు నా ఉత్తరం పదహారు పేజీల్లో అచ్చేసి, నలభై సార్లు చూసి, పిన్నులు కొట్టినదానివి. ఎనభైని ఎనిమిది వందలు ఎలా చేశావో మా ఆయనకి అంతుపట్టడం లేదట. ఆయనే అన్నాడు. నేను అడగను. నువ్వూ చెప్పకు.

ఆయన సంగతి నీకొక్కదానికే రాస్తున్నాను. మీరంతా రైలెక్కిన మర్నాడు పొద్దున, ఆయన డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. నేను అలవాటుగా చీటీ రాసి ఇచ్చాను, వచ్చేటప్పుడు రొట్టె తెమ్మని. ఆయన తీసుకోలేదు. తల ఎత్తకుండా లేసులు కడుతూ చెప్పాడు. ఆయన మూడు ముక్కలకి మించి మాట్లాడే మనిషి కాదు, అందుకే పొల్లు పోకుండా రాస్తున్నా.

"రోజుకి ఆరు ట్రిప్పులు. రెండేళ్లు. నీ గొంతు వింటూనే ఉన్నా. నేను ఎంత వేగంగా తిప్పినా అది ఒక్కసారి కూడా నన్ను తిట్టలేదు."

ఆయన లేసు విప్పి మళ్లీ కట్టాడు.

"శనివారం తిట్టావు" అన్నాడు. "బాగుంది."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండేళ్లు ఆ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. చీటీ మీద కాదు, నోటితో. అడగడం మొదలుపెట్టాక ఇక ఆగలేదు. ఆ రోజు మైకు తట్టి అబద్ధం ఎందుకు చెప్పారని అడిగాను. చీటీలకి తలూపుతూ ఎందుకు ఊరుకున్నారని అడిగాను. తడి తువ్వాలు మంచం మీద, పళ్లపొడి మూత ఎక్కడో, కిటికీ రెక్క కొట్టుకుంటున్నా పట్టించుకోకపోవడం, అన్నీ తిట్టాను. కాగితం నలిగిన చప్పుడే, కానీ ఇంట్లో అది చాలు. ఆయన రెండో బూటు చేతిలో పట్టుకుని, గుమ్మంలోనే కూర్చుని, అన్నీ విన్నాడు. మధ్యలో ఒకసారి గడియారం చూసి, మళ్లీ నావైపే తిరిగాడు.

ఆ రోజు మొదటి ట్రిప్పు అరగంట ఆలస్యంగా బయల్దేరింది.

నీ మరదలు